అద్దంలా మెరిసిన ప్లేటు

2022 అక్టోబరు. దసరా పందిళ్లు ఇంకా విప్పుతూనే ఉన్నారు. జంషెడ్‌పూర్ పక్కన, ఖర్కాయి నది అవతలి కార్ఖానాల్లో ఒక చిన్న రోలింగ్ మిల్లు నుంచి నాకు పిలుపు వచ్చింది. గొట్టాల్లో గ్యాసు ఎంత పారుతోందో కొలవడం, కొలిచే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో తేల్చడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. "కంటికి కనపడనిదాన్ని కొలుస్తానంటావు, తప్పు చెప్పినా పట్టుకునేదెవరు?" అని మా ఆయన ఏడిపిస్తుండేవాడు. ఈ మిల్లు సంగతి విన్నాక ఆ మాట మానేశాడు.

ఆ మిల్లులో ఇనుప దిమ్మెలను ఎర్రగా కాల్చి రోలర్ల కిందికి పంపే ఫర్నేసు ఒకటి ఉంది. మూడు వారాలుగా దాని తలుపులోంచి నల్లటి పొగ వస్తోంది. దిమ్మెలు ఒక పక్క కాలి ఇంకో పక్క కాలకుండా దిగుతున్నాయి. నేరమంతా ఆపరేటర్ అప్పలనాయుడి మీద పడింది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి, పర్సుడీహ్‌లో ఇల్లు కట్టుకుని, ముప్పై ఏళ్లుగా ఆ ఫర్నేసు ముందే నిలబడ్డ మనిషి. ఆ వేసవిలో ఆయన కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది. ముసలాయనకు మంట సరిగ్గా కనపడటం లేదని మేనేజరు మిశ్రాజీ తీర్మానించేశాడు. సోమవారం నుంచి గేటు దగ్గర కాపలా పని. నేను వెళ్లింది శుక్రవారం.

అక్కడ గ్యాసును కొలిచేది ఆరిఫిస్ ప్లేటు. అంటే గొట్టానికి అడ్డంగా బిగించిన ఉక్కు బిళ్ల, మధ్యలో గుండ్రటి రంధ్రం. గ్యాసు ఆ ఇరుకులోంచి దూరేటప్పుడు ప్లేటుకు ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉంటుంది. ఆ తేడాను డీపీ ట్రాన్స్‌మిటర్ అనే పరికరం చూసి, గ్యాసు ఇంత అని చెబుతుంది. దాన్నిబట్టి గాలి ఎంత కలపాలో యంత్రమే కలుపుకుంటుంది.

నేను తిన్నగా వెళ్లి ట్రాన్స్‌మిటర్ పరీక్షించాను. సున్నా దగ్గర సున్నా, నిండు దగ్గర నిండు. ప్లేటు నుంచి దానికి ఒత్తిడి తెచ్చే సన్నగొట్టాల్లో ఎక్కడా అడ్డు లేదు. మీటరు బాగానే ఉందని మిశ్రాజీకి చెప్పాను. "దేఖా? మీటర్ ఝూఠ్ నహీ బోల్తా" అన్నాడాయన. మీటరు అబద్ధమాడదట. నా మాట అప్పలనాయుడికి గోరుచుట్టు మీద రోకటి పోటు అయిందని నాకప్పుడు తట్టలేదు.

ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"మనోలేనా అమ్మా? ఎక్కడుంతారు?"

"కాసిడీహ్‌లో, బాబాయ్. మా నాన్నది టాటానగర్ రైల్వే."

"నానే అప్పలనాయుణ్ణి. మీటరు బాగుందని సెప్పేసినావంట. మరి మంట ఏటి సెప్తందో ఎవులు ఇంతారు? గ్యాసు ఎక్కువొత్తంది తల్లీ. మంట పొడుగైపోయి పసుపుగా తిరగతంది. నీలం మంటకీ పసుపు మంటకీ తేడా తెలీకండానే ముప్పై ఏళ్లు నిలబడిపోనానా?"

నాకు సిగ్గేసింది. ఫర్నేసు జబ్బుకు వైద్యం చేయడానికి వచ్చి, దాని పక్కన ముప్పై ఏళ్లున్న మనిషిని ఒక్క ముక్క అడగలేదు. వెంటనే పిటో ట్యూబు తీశాను. అది సన్నటి గొట్టం. గ్యాసు పారుతుండగానే లోపలికి దింపి, గోడ దగ్గర ఒకచోట, మధ్యలో ఒకచోట, అలా వరసగా వేగం కొలవాలి. సాయంత్రానికి లెక్క తేలింది. అసలు గ్యాసు మీటరు చూపేదానికంటే ఏడు శాతం ఎక్కువ. పెద్దాయన కన్ను గెలిచింది.

కానీ కారణం దొరకాలి, లేకపోతే మిశ్రాజీ నా లెక్కనే తప్పంటాడు. టీ తాగుతూ ఆలోచించాను. రంధ్రానికి మురికి పడితే మీటరు ఎక్కువ చూపాలి, ఇక్కడ తక్కువ చూపుతోంది. ప్లేటు తిరగేసి బిగిస్తే తేడా దీనికి రెండింతలుండాలి. ఇక మిగిలింది అంచు. రంధ్రం ముందు అంచు బ్లేడులా పదునుగా ఉండాలి. అది మొద్దుబారితే గ్యాసు సుఖంగా జారిపోతుంది, ఒత్తిడి తేడా తగ్గుతుంది, మీటరు మోసపోతుంది. యాభై మిల్లీమీటర్ల రంధ్రానికి ఏడు శాతం తప్పు రావాలంటే అంచు ఎంత గుండ్రబడాలో పట్టికల్లో చూసి, ఒక కాగితం మీద రాసి, మడిచి మిశ్రాజీ చేతికిచ్చాను. "రేపు ప్లేటు విప్పాకే చదవండి" అన్నాను.

శనివారం గ్యాసు ఆపి, గొట్టం ఖాళీ చేసి ప్లేటు బయటికి తీశారు. అద్దంలా మెరుస్తోంది. ఫిట్టర్లు మురిసిపోయారు. నేను టార్చి వేశాను. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు. దీని అంచు చుట్టూ తెల్లటి గీత మెరిసింది. మెత్తటి సీసపు రేకు అంచుకు నొక్కి, అచ్చు తీసి, భూతద్దం కింద కొలిచాం. గుండ్రదనం పాయింట్ ఆరు మిల్లీమీటరు. మిశ్రాజీ కాగితం విప్పాడు. అందులోనూ పాయింట్ ఆరే. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. నా సంతోషం గురించి ఏం చెప్పను, ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆ ఒక్క క్షణానికి చాలనిపించింది.

"దీన్ని ఎవరు రుద్దారు?" అని మిశ్రాజీ హిందీలో అడిగాడు. ఫిట్టర్లు వంగి పనిముట్లు సర్దుకోసాగారు. అప్పలనాయుడు కూడా ఊరుకుంటే సరిపోయేది, ఆయన పక్షం అప్పటికే నెగ్గింది. కానీ ముందుకొచ్చి "మైనే" అన్నాడు, నేనేనని. తర్వాత నా వైపు తిరిగాడు.

"విశ్వకర్మ పూజకి అన్నీ ఇప్పి తోమినాం గదమ్మా. ప్రతీ ఏడూ దీన్ని గుడ్డతోటి తుడిసేవోణ్ణి. ఈ ఏడు ఆపరేసనై కల్లు తేటగయ్యీసరికి మరకలన్నీ కనపడిపోనాయి. దేవుడి ముందల అలగ ఎలగ పెడతామని గ్రైండరెట్టి రుద్దినాను."

ఆ పూజ అయి మూడు వారాలు, పొగ మొదలైందీ అప్పుడే. నేను ఆ ముక్కలన్నీ హిందీలో చెప్పాను. మిశ్రాజీ నవ్వేశాడు. కళ్లు చెడిపోలేదు, మరీ ఎక్కువ బాగుపడ్డాయి అన్నాడు. ఆ కళ్లను గేటు దగ్గర పెట్టుకుని ఏం చేసుకుంటానని కూడా అన్నాడు.

సోమవారం కొత్త ప్లేటు పడింది. అప్పలనాయుడు ఫర్నేసు ముందే ఉన్నాడు. గ్యాసు వదిలిన కాసేపటికి పొగ పోయింది, మంట పొట్టిబడి నీలానికి తిరిగింది. మిశ్రాజీ మీటరు వైపు చూడలేదు. "కైసా హై, నాయుడుజీ?" అని మంట ఎలా ఉందో పెద్దాయననే అడిగాడు.

ఆ రోజు నుంచి ఏ కార్ఖానాకు వెళ్లినా నా పెట్టె తెరవకముందే మంట దగ్గర నిలబడే మనిషిని వెతుక్కుంటాను. ఆ మిల్లుకు ఏటా పూజకు పిలుస్తారు, వెళతాను. పాడైన ఆ పాత ప్లేటును పారేయలేదు, కంట్రోల్ రూములో విశ్వకర్మ పటం ముందు పెట్టుకున్నారు. అప్పలనాయుడు దాన్ని తన ముఖం కనపడేదాకా తోముతాడు. గొట్టంలో ఉన్న ప్లేటుకు మాత్రం, బయటికి కనపడే పిడి మీద కుంకుమబొట్టు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంటాడు.