బండ్లకు మాట బిగించిన పెద్దకోడలు

కొత్త పికప్పు బండి కప్పుకు నడిమధ్యన చిల్లు పొడిచి, చుక్క వాన కారకుండా వైర్‌లెస్ రేడియో యాంటెన్నా నిలబెట్టడం ఆ ఇంటి పెద్దకోడలి తొలి విజయం. అంతకుముందు రెండు పాత బండ్లు కారాయి. వాటిని విప్పి మళ్ళీ తానే బిగించింది. కొత్తబండి కప్పు మీద డ్రిల్లు ఆనగానే యజమాని కళ్ళు మూసుకున్నాడు. ఆమె మూసుకోలేదు. అప్పటిదాకా అందరూ యాంటెన్నాను బంపరుకు కట్టి చేతులు దులుపుకునేవారు. కప్పు మధ్యన ఉంటే మాట నాలుగు దిక్కులకూ సమానంగా పోతుందని చేసి చూపింది ఆమే.

మామగారికి ఆ సంగతి చెప్పుకోవడమంటే మహా ఇష్టం. ఆమె పనిచేసే రేడియో షెడ్డు ఆయన పెట్టిందే. పాల బండ్లు, అంబులెన్సు, చివరికి క్వారీ బండ్లన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. వైరు నేరుగా బ్యాటరీ నుంచే లాగేది. దాని మొదట్లోనే ఫ్యూజు పెట్టేది. ఎవరెంత తొందరపెట్టినా రాజీ లేదు.

రాజీ పడింది ఒక్క మరిది దగ్గరే. చిన్నాడు క్వారీలో పికప్పు నడిపేవాడు.

"వదినా, మైకు సీటు పక్కన తగిలించు. చెయ్యి జారిస్తే అందాలి."

"అక్కడొద్దయ్యా. ఏదైనా ఆనుకుంటే బటను నొక్కుకుపోతుంది. నీ సోదంతా లోకం వింటుంది."

"విననీ! టిక్కెట్టు లేకుండా నా పాట వింటారు."

"నీ పాట వింటే ఉన్న ఇంజన్లు కూడా ఆగిపోతాయి."

"అమ్మ తన చాదస్తమంతా నీకే రాసిచ్చి పోయింది. పెట్టు, నా బంగారు వదినవి కదూ!"

పెట్టింది. అతన్ని చూసి మిగతా డ్రైవర్లూ అలాగే పెట్టించుకున్నారు.

ఆ వానల్లో క్వారీ పైగట్టు బీటవారింది. కింది దారిలోకి ఎవరూ రావద్దని ఆఫీసు నుంచి రేడియోలో కేకేశారు. చిన్నాడి బండిలో నీళ్ళ డబ్బా వాలి, మైకు బటను నొక్కుకుపోయి ఉంది. బటను నొక్కి ఉన్నంతసేపు ఆ సెట్టు మాట పంపుతుందే గాని వినదు. ఆఫీసులో అందరికీ అతని ఇంజను మోతా, శ్రుతి లేని కూనిరాగమూ వినబడ్డాయి. అతనికి ఎవరి కేకా చేరలేదు. మనిషిని పరుగెత్తించారు. ఆ మనిషి చేరేలోగా గట్టు జారి, కింది దారిలో ఉన్న చిన్నాడి బండి మీద పడింది.

కోడలు ఏడవలేదు. మామగారూ ఏడవలేదు. ఆమె వండేది, ఆయన తినేవారు. ఏం తిన్నారో అడిగితే చెప్పలేరు. పెద్దకొడుకు డ్యూటీకి పోయి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. షెడ్డు తాళం ఎవరూ తీయలేదు.

ఒకనాడు క్వారీ మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు.

"మిగతా బండ్లలోనూ మైకులు అక్కడే ఉన్నాయమ్మా. ఎక్కడానికి డ్రైవర్లు భయపడుతున్నారు. వేరే ఎవర్నయినా పిలవమంటారా?"

"వద్దు. బిగించింది నేనేగా," అంది ఆమె.

అతను వెళ్ళాక మామగారు గొంతు సవరించుకున్నారు.

"చెయ్యగలవా అమ్మా?"

"తెలీదు మామయ్యా. చేతులైతే ఆడుతున్నాయి."

"నీ తప్పని నేననలేదు."

"అనలేదు. అన్నా నాకేమీ అనిపించేది కాదు."

మర్నాడు సామాను సంచీ తీసుకుని క్వారీకి వెళ్ళింది. ఒక్కో మైకునూ విప్పి డాష్‌బోర్డు మీదికి మార్చాలి. అవన్నీ అయ్యేదాకా ఆమె మకాం అక్కడే. మామగారు షెడ్డు తెరిచి కూర్చున్నారు. బండ్లవాళ్ళు వచ్చి అడిగితే ముఖం తిప్పకుండా ఒకే సమాధానం చెబుతున్నారు. కోడలు తిరిగి వచ్చేది నవంబరు ఇరవై రెండు, శనివారం.