గుమ్మంలోంచి తీసిన ఫోటోలు

మార్లిస్ ఎంగ్‌స్ట్రోమ్ అమ్మిన కెమెరా తిరిగి కొట్టుకు రాదని, కెనడా సరిహద్దుకి దగ్గర పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్లో ఒక పేరుండేది. ముప్పై నాలుగేళ్లు కౌంటర్ వెనక నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బించుకుని తెచ్చుకున్న పేరది. ఒక్క పూటలో పోయింది. పోగొట్టింది ఇంకెవరో కాదు, ఆమే.

ఆ పేరు తప్ప ఆమె వెనకేసుకున్నది పెద్దగా ఏమీ లేదు. పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే పదకొండేళ్లు మలమూత్రాలు ఎత్తిపోసింది. తల్లి పోయాక సరస్సుకు ఎగువన కొండవాలు మీద రెండు గదుల్లో ఒక ముసలి పిల్లితో మిగిలింది. ఆమె కొట్లో చేరినప్పుడు ఇంకా ఫిల్మ్ రీళ్ల కాలం. ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరు కొత్త పడవ కొన్నారో, ఎవరి పక్కన ఎవరు నిలబడకూడదో అన్నీ కడిగిన ఫోటోల్లో ఆమెకే ముందు తెలిసేవి. ఒక్క మాట బయటికి పొక్కనిచ్చేది కాదు. కొట్టు యజమాని డ్వేన్ అయినా జనం దాన్ని మార్లిస్ కొట్టు అనే అనేవాళ్లు. డ్వేన్‌కి అందులో కాస్త ఉక్రోషం ఉన్నా, గిరాకీ వచ్చేది ఆమె వల్లేనని ఎరిగినవాడు గనక నోరు మూసుకునేవాడు.

కెమెరా కొనడానికి వచ్చినవాళ్లని ఆమె ఒకటే ప్రశ్న అడిగేది, ఏం తీస్తారు అని. జవాబు విని రెండు కెమెరాలు తెచ్చి పక్కపక్కన పెట్టేది. రెండింటి గుణదోషాలూ పుల్ల విరిచినట్టు చెప్పేది. నూటికి తొంభై మందికి చవకదే చాలునని తేల్చేది. అవసరానికి మించిన కెమెరా అంటగట్టడం కూడా దొంగతనమేనని ఆమె నమ్మకం.

నవంబరులో ఒక మంగళవారం ఐవర్ హాగెన్ వచ్చాడు. ఇనప ఖనిజం ఓడల్లోకి ఎత్తే రేవులో నలభై ఏళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. డెబ్భై ఎనిమిదేళ్లుంటాయి. మార్లిస్ వెళ్లే చర్చికే ఆయనా వెళ్తాడు. భార్య వెర్నా బడిలో వంటమనిషిగా చేసేది. ఆ దంపతులు ఆదివారాలు ఎప్పుడూ వెనక నుంచి మూడో వరుసలో కూర్చునేవాళ్లు. అక్టోబరు నుంచి ఆ వరుస ఖాళీగా ఉందని మార్లిస్ గమనించింది గానీ, ఎందుకని ఎవరినీ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ ఊళ్లో అమ్మని అడగడం కూడా మర్యాద కాదు. ఇద్దరు మనుషులు కలిస్తే మంచు ఎంత పడింది, సరస్సు ఎప్పుడు గడ్డకడుతుంది, ఇవే మాటలు. ఇల్లు కాలిపోతున్నా బయట చలి తగ్గింది సుమా అనే రకం.

అలాగే ఐవర్ కూడా చలి గురించి నాలుగు మాటలు మాట్లాడి, అద్దాల పెట్టెలో ఉన్న, లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా మీద వేలు పెట్టాడు. దానికి బిగించి ఉన్నది పొట్టి లెన్స్, జూమ్ లేనిది, మనుషుల మొహాలు తీయడానికి చేసింది.

"ఇది చీకట్లో కూడా బాగా తీస్తుందట కదా?"

"తీస్తుంది. ఇంతకీ మీరు తీసేదేంటి?"

ఐవర్ చేతి తొడుగులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు. "పిట్టల్ని. కిటికీ బయట గింజల డబ్బా కట్టాను."

"పొద్దుపోయాక పిట్టలు మీ ఇంటికి భోజనానికి రావు కదండీ" అంది మార్లిస్.

ఆయనా నవ్వాడు. అవును, రావు అన్నాడు.

అప్పుడు ఆమె అలవాటు ప్రకారం లోపల్నుంచి ఒక బ్రిడ్జ్ కెమెరా తెచ్చి దాని పక్కన పెట్టింది. మిర్రర్‌లెస్ లోపల వెలుతురు పడే పలక పెద్దదనీ, మసక గదిలో కూడా మొహం మీది గీతలతో సహా పట్టేస్తుందనీ చెప్పింది. కానీ పిట్టలు కావాలంటే ఈ పొట్టి లెన్స్ పనికిరాదు. మోచేయంత పొడవుది ఇంకొకటి కొనాలి, రెండు కిలోలు మోయాలి, మార్చుకునే లోపల పిట్ట కెనడా చేరుకుంటుంది. బ్రిడ్జ్ కెమెరాకి ఆ బాధ లేదు. లెన్స్ దానికే అతుక్కుని ఉంటుంది. పలక మిర్రర్‌లెస్‌దానికంటే చిన్నదే అయినా, ఈ రకం వాటిల్లో పెద్దది. లెన్స్ మీది ఉంగరం తిప్పితే చాలు, పెరటి చివర దేవదారు మీది పిట్ట కన్ను కూడా కళ్ల ముందుకొస్తుంది. పైగా ధర సగమే.

"మీరు కుర్చీలోంచి లేవక్కర్లేదు, ఐవర్. ఎంత దూరమైనా అదే దగ్గరికి తెచ్చి పెడుతుంది."

ఐవర్ మిర్రర్‌లెస్ వైపు ఇంకోసారి చూశాడు. ఏదో అనబోయినట్టు గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత, నీకు తెలిసినంత నాకేం తెలుసులే అని బ్రిడ్జ్ కెమెరా తీసుకుని వెళ్లిపోయాడు. ముసలాయన చేత అనవసరపు ఖర్చు మాన్పించానని మార్లిస్ ఆ రోజంతా సంతోషంగా ఉంది.

జనవరి మూడో వారంలో వెర్నా పోయింది. కడుపులో రాచపుండట. సెప్టెంబరులోనే తెలిసిందట, ఇంట్లోనే పోతానని పట్టుబట్టిందట. పాస్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అంత్యక్రియల రోజు మార్లిస్ బంగాళాదుంపలు పేర్చి కాల్చే హాట్‌డిష్ అనే వంటకం ఒక పళ్లెం చేసి, మంచులో జారుతూ చర్చికి మోసుకెళ్లింది. కింది హాల్లో, పోయినవాళ్ల ఫోటోలు పెట్టే బల్ల ఒకటుంటుంది. ఎవరు పోయినా ఆ బల్ల నిండిపోతుంది. వెర్నా బల్ల మీద రెండే ఉన్నాయి. ఒకటి యాభై రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటో. రెండోది బడి వంటగదిలో ఎవరో తీసింది, అందులో వెర్నా వీపు తప్ప కనబడదు. ఫోటో అంటే ఆమెకి పడదని, కెమెరా కనిపిస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదని పక్కావిడ చెప్పింది. మార్లిస్ ఆ వీపు ఫోటో ముందు ఎక్కువసేపే నిలబడింది. పొద్దుపోయాక పిట్టలు రావు కదండీ అని తనన్న మాట చెవిలో మోగింది. చీకట్లో ఆయన తీయాలనుకున్నది ఎవరినో ఇప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చినంత పనయింది.

పదిరోజులకి, శనివారం పొద్దున కొట్టు తెరవగానే ఐవర్ వచ్చాడు. కెమెరాలోని మెమరీ కార్డు జేబురుమాల్లో మూటగట్టి తెచ్చాడు.

"ఇందులో వెర్నావి కొన్ని ఉన్నాయి. ఒక మంచిది చూసి పెద్దది చేసిపెట్టు. గోడకి పెట్టుకుంటాను."

మార్లిస్ కార్డు కంప్యూటర్లో పెట్టింది. ముందంతా పిట్టలే. మంచులో నల్లటోపీ పిట్టలు, వడ్రంగిపిట్ట, నీలి రెక్కల జే పిట్ట. ఈకకి ఈక విడిగా కనబడుతోంది. ఐవర్ వంగి చూసి, అది బాగా వచ్చింది, ఇదీ బాగా వచ్చింది అంటున్నాడు. ఆ తర్వాత గది వచ్చింది.

ఎనభై ఒక్క ఫోటోలు. దిండు మీద ఒక తెల్లటి మొహం, ఒక్కదాంట్లోనూ నిలకడగా లేదు. కొన్నిట్లో కదిలి చెరిగిపోయింది. కొన్నిట్లో చీకటి గరుకుగా, ఇసక చల్లినట్టు కళ్ల మీద పడింది. ముక్కెక్కడో నోరెక్కడో వెతుక్కోవాలి. కంటికి నిలిచే మొహం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ప్రతి ఫోటో కింద కెమెరా దాని లెక్కలు అది రాసుకుంటుంది, లెన్స్ ఎంత ముందుకు చాచారు, ఎంత వెలుతురు పట్టింది అని. మార్లిస్‌కి ఆ అంకెలు చదవడానికి క్షణం పట్టలేదు. ఎనభై ఒక్కటీ జూమ్ పూర్తిగా లాగి తీసినవే. జూమ్ లాగిన కొద్దీ లెన్స్ కన్ను ఇరుకవుతుంది, చేతి వణుకు పెద్దదవుతుంది. ప్రతి ఫోటోకీ ఎడమ అంచున నిలువుగా ఒక నల్లటి పట్టీ కూడా ఉంది. అది తలుపు చట్రం.

"ఇవి ఎక్కడ నిలబడి తీశారు?" అని అడిగింది, తెలిసి కూడా.

"గుమ్మంలో." ఐవర్ తెర వంకే చూస్తున్నాడు. "దగ్గరికెళ్తే మొహం తిప్పేసుకునేది కదా. నిద్రపోయాక తీసేవాణ్ణి. అప్పుడు కూడా దగ్గరికెళ్లడానికి మనసొప్పలేదు. ఇష్టం లేనిపని దొంగతనంగా చేస్తున్నట్టుండేది."

మార్లిస్ తర్వాతి ఫోటో తెరిచింది.

"క్రిస్మస్ ముందు ఒకరోజు కళ్లు తెరిచి చూసేసింది. ఏంటి, అక్కడే నిలబడిపోయావు అంది. లోపలికి రా అంది. కిటికీలో పిట్టని తీస్తున్నానని చెప్పి వెళ్లిపోయాను."

ఐవర్ చేతి తొడుగులు కౌంటర్ మీద పెట్టి, ఒకదాని మీద ఒకటి సర్దాడు.

"ఒక మాట చెప్పు మార్లిస్. నువ్వు అబద్ధం చెప్పవు. ఆ రోజు నేను చూపించానే, ఆ కెమెరా అయితే ఫోటోలు బాగా వచ్చేవా?"

నిజం ఏమిటో ఆమెకి అరచేతిలో ఉసిరికాయలా తెలుసు. ఈ కెమెరాలో ఏ లోపమూ లేదు. జూమ్ లాగకుండా మంచం పక్కన కూర్చుని తీసి ఉంటే, ఆ కిటికీ వెలుతురు చాలు, గోడకి పెట్టుకునేంత మొహం వచ్చేది. గుమ్మంలోంచి తీస్తే ఆ ఖరీదైన కెమెరాలో వెర్నా బొటనవేలంత పడేది. దాని పొట్టి లెన్సుకి జూమ్ లేదు గదా. మొహం కావాలంటే మనిషి నడిచి వెళ్లాలి. నాలుగడుగులు లోపలికి వేసి, మంచం దగ్గర వంగాలి. అది కొని ఉంటే ఐవర్ వెళ్లక తప్పేది కాదు. లోపలికి రా అంటే వెళ్లి ఉండేవాడు. కుర్చీలోంచి లేవక్కర్లేదని చెప్పి, ఆ నాలుగడుగులూ వేయక్కర్లేకుండా చేసింది తనే.

ఇదంతా ఆయనకి చెబితే, ఇక బతికినన్నాళ్లూ ఆ గుమ్మంలోనే నిలబడి ఉంటాడు.

"వచ్చేవి" అంది మార్లిస్. "తప్పు నాది. మీరు చీకటి సంగతి అడిగారు, నేను వినిపించుకోలేదు. తప్పు కెమెరా అమ్మాను."

ఐవర్ ఆమె మొహంలోకి చూశాడు. భుజాలు కొద్దిగా కిందికి దిగాయి.

"అయితే నేను తీయడం బాగానే తీశానన్నమాట."

"బాగానే తీశారు."

కెమెరా వెనక్కి తీసుకుంటానంది. వద్దు, పిట్టలకి ఉండనీ అన్నాడు. ఎనభై ఒకటిలోంచి ఉన్నంతలో మెరుగైనదాన్ని చిన్న సైజులో వేసి కవర్లో పెట్టి ఇచ్చింది. చిన్నదైతే మసక అంతగా తెలియదు. ఐవర్ దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

వెనక గదిలోంచి అంతా విన్న డ్వేన్ మండిపడ్డాడు. నీకు మతి పోయిందా, ఆ అంకెలు నేనూ చూశాను, కెమెరాది తప్పెలా అవుతుంది, ఇలాంటి మాట ఊళ్లోకి పోతే కొట్టు గతేమిటి అని అరిచాడు.

"మీ ఆవిడ రమ్మన్నా మీరే వెళ్లలేదని ఆయనతో చెప్పమంటావా?" అంది మార్లిస్.

డ్వేన్ వెనక గదిలోకి పోయాడు.

మాట ఊళ్లోకి పోనే పోయింది. ఐవర్‌కి ఎవరి మీదా కక్ష లేదు. గోడకి ఆ చిన్న ఫోటో ఎందుకు పెట్టావని అడిగినవాళ్లకి జరిగింది చెప్పాడు, అంతే. మార్లిస్ తనంతట తనే ఒప్పుకుందని కూడా చెప్పాడు. గోరంతది కొండంత కావడానికి ఎంతసేపు? ఈస్టరు నాటికి, చచ్చిపోతున్న మనిషిని తీయాలంటే చవక సరుకు అంటగట్టిందట, అన్నంతదాకా వచ్చింది. మే నెలలో, బడి చదువు ముగించిన పిల్లల పట్టాల పండగకి కెమెరాలు కొనేవాళ్లు డ్వేన్ ఖాళీ అయ్యేదాకా నిలబడేవాళ్లు. మార్లిస్ ఎదురుగా ఉన్నా, ఊరికే చూస్తున్నాం అనేవాళ్లు. ఏం తీస్తారని అడిగే అవకాశం కూడా ఆమెకి తగ్గిపోయింది. ఇంటికెళ్లి పిల్లికి అన్నం పెట్టి కూర్చుంటే, ముప్పై నాలుగేళ్లు ఎటు పోయాయో తెలిసేది కాదు. ఏడుపొస్తే ఏడ్చేది.

జూన్ మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక కింది హాల్లో కాఫీల దగ్గర ఐవర్ తనే ఆమె దగ్గరికి వచ్చాడు. మనిషి కాస్త కోలుకున్నాడు. రెండు కప్పులు నింపి ఒకటి ఆమె చేతికిచ్చాడు. నలుగురూ చూస్తూనే ఉన్నారు.

"జనం ఏదేదో అంటున్నారట. నేనేమీ మనసులో పెట్టుకోలేదు" అన్నాడు. "వెర్నా ఉన్నా ఇదే మాట అనేది. పొరపాటు ఎవరైనా చేస్తారు. నిన్ను క్షమించేశాను, మార్లిస్."

మార్లిస్ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. హాలంతా వాళ్ల వైపే చెవులు వేసి ఉంది.

"థాంక్స్, ఐవర్" అంది. సరస్సు మీద మంచు ఈ ఏడాది తొందరగా కరిగిందని ఆయన అన్నాడు. అవునని ఆమె అంది.