ఆ ఫోటోలోని జింక సంగతి

మా గడ్డి కంచకు కాపలా ఉండే తాత పోయాడు. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట, చేవెళ్ల దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. ఈ మాట చెప్పడానికి ఆయన బిడ్డ ఫోన్ చేసింది, చందనవెల్లిలో ఫ్యాక్టరీ పనికి పోయే అమ్మాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. చివరికి, "అక్కా, బాపుది మంచి ఫోటో ఒక్కటి గూడ లేదు. జింకతోని దిగింది నీ కాడ ఉన్నది గదా, జర పంపు. మలుపుకాడ ఫ్లెక్సీ కట్టాలె" అన్నది.

పంపుతాను అన్నాను.

ఆ ఫోటో మీకూ తెలుసు. ఈ చిన్న పత్రిక అందుకునే మీలో చాలామంది దాన్ని చూసే మాకు సాయం చేశారు. తలపాగా చుట్టుకున్న ముసలాయన నేల మీద కూర్చుని ఉంటాడు. ఒడిలో జింక తల. ఒక చెయ్యి దాని దవడ కింద, ఇంకో చేతిలో తడి తువ్వాల. కింద నేను రాసిన మాట: "కొత్త ఇంటిని నమ్మిన జింక." ఆ మాట అబద్ధం. ఆయన బతికుండగా మీకు చెప్పవలసిన సంగతి ఇది, ఇప్పుడు చెబుతున్నాను.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఖాళీ జాగా కనబడితే ప్లాటు రాళ్లు పాతే కాలంలో, ఎంకపల్లి దగ్గర గడ్డీ తుమ్మపొదలూ ఉన్న ఒక కంచ మా సంఘం చేతికి వచ్చింది. అందులో పూరేడు పిట్టలు, ఉడుములు, కుందేళ్లు, తొండలు ఉండేవి. తొండను కాపాడతాం, పైసలివ్వండి అంటే ఎవరిస్తారు? అందుకే ఒకప్పుడు ఇక్కడ తిరిగిన కృష్ణజింకల్ని మళ్లీ తెద్దామనుకున్నాం. జింక పేరు చెబితే సాయం వస్తుంది, ఆ సాయంతో గడ్డి బతుకుతుంది, గడ్డితో అన్నీ బతుకుతాయి. ఈ లెక్కను తాతకు చెప్పడానికి నేను నీళ్లు నములుతుంటే ఆయనే అందుకున్నాడు.

"పెండ్లికొడుకు ఒక్కడే ఉంటడు గని, బంతిల ఊరంత కూసొని తింటది. గంతే గదా బిడ్డా!"

ఆ మాటను ఎన్ని మీటింగుల్లో వాడుకున్నానో! ఎవరన్నదో ఒక్కచోటా చెప్పలేదు.

ఆయన చిన్నప్పటినుంచీ గొర్లు కాసిన మనిషి. కంచలోకి పోయేముందు గేటు దగ్గర ఆగి, "నేనే, నేనే" అని రెండుసార్లు పలికేవాడు. మేం నవ్వితే, "మనింట్లకు ఎవలన్న చెప్పకుంట జొర్రితే మనం ఊకుంటమా?" అనేవాడు. నేల మీద పిట్టగూడు కనబడితే పక్కన ఒక ముళ్లకంప గుచ్చి వచ్చేవాడు, ఎవరూ తొక్కకుండా. మా సంఘంలో అంత చదువుకున్న మాకెవరికీ ఆ కంప గుచ్చాలని తోచలేదు.

జింకల్ని ఎప్పుడు తేవాలో కూడా ఆయనే చెప్పాడు. "మిరుగం పడనీ బిడ్డా. రెండు వానలు గొట్టి పచ్చగడ్డి లేస్తే ఆటికి తిననీకి ఉంటది. రోహిణి ఎండలకు రోళ్లే పలుగుతయంటరు, జీవాలెంత?"

మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకో రెండు వారాలే. ఆ రెండు వారాలు ఆగలేకపోయాను. పిలిచిన పెద్దలకు ఆ ఆదివారమే వీలు, షామియానా చెప్పేశాం, కార్డులు పంచేశాం. రోహిణి కార్తెలోనే తెప్పించాను. జింకలకు ముహూర్తం పెట్టేటప్పుడు వానను కాదు, చుట్టాలను చూసుకున్నాను.

బండి తలుపు తీయగానే జింకలు దుమికి పొదల్లోకి పోయాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ఆడజింక పది అడుగులు వేసి కూలబడింది. తాత పరుగున పోయి దాని తల ఒడిలో పెట్టుకుని, తువ్వాల పిండి చుక్కచుక్క నోట్లో వేశాడు. మా ఫోటోగ్రాఫర్ చకచకా తీశాడు. అది ఒడిలో తల ఉంచింది నమ్మి కాదు, ఎత్తలేక. పొద్దుమూకేసరికి చచ్చిపోయింది. ఆ వారంలోనే ఇంకో రెండు పోయాయి. ఎండ, ప్రయాణం, బెదురు కలిసి తీసుకుపోయాయని పశువుల డాక్టరు అన్నారు. తాతే గుంటలు తవ్వాడు. నేను ఇంట్లో కూర్చుని ఆ ఫోటో కింద మాట రాశాను.

చలికాలంలో బడిపిల్లలు వచ్చారు. "తాతా, ఫోటోల ఉన్న జింక గిండ్ల ఏది?" అని ఒక పాప అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నేను గడ్డంతో మంద వైపు సైగ చేశాను.

"అగో, గా కొసకున్నదే" అని చెయ్యెత్తాడు.

పిల్లలు పోయాక నా పక్కన కూర్చున్నాడు. "ముసలితనంల పిల్లలకు అబద్ధం చెప్పిస్తివి గదనే బిడ్డా. నిజం నువ్వే చెప్పు. నేను జెప్తే నీ ఇజ్జత్ పోతది."

"ఒక్క జింకపిల్ల పుట్టనీ తాతా, ఆ మంచి మాటతో కలిపి చెబుతాను" అన్నాను. అప్పటినుంచి నేను ఎప్పుడు పోయినా రామ్‌రామ్ లేదు, బాగున్నవా లేదు. "చెప్పినవా?" అనేవాడు. పిల్లలు పుట్టాయి, పుట్టిన సంగతి రాశాను. పోయిన సంగతి రాయలేదు. సాయం వచ్చింది, గడ్డి మోకాలెత్తు లేచింది, పూరేళ్లు పెరిగాయి. తెచ్చిన పని మంచిదే, అయింది కూడా. ఆ మంచినే అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను, థూ! కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు. హమ్మయ్య, మరిచిపోయాడు అనుకున్నాను.

ఫోన్ వచ్చిన రోజు ఆ ఫోటోలో జింకను కత్తిరించి ఆయన్ని ఒక్కణ్ణే పంపుదామని చూశాను. జింకను తీస్తే ఆయన చేతులు పోతున్నాయి. ఎంతసేపు జరిపినా అంతే. చివరికి ఉన్నదున్నట్టే పంపాను.

పదకొండో రోజు పోయాను. మలుపులో ఫ్లెక్సీ ముందు నిలబడి ఎవరో ఆమె, "నోరులేని జీవం, ఎంత నమ్మిందో సూడున్రి" అన్నది.

"నమ్మి కాదమ్మా, లేవలేక. ఎండలో తెప్పించింది నేనే. అది ఆ పొద్దే చచ్చిపోయింది" అన్నాను. అందరూ నన్నే చూశారు.

తాత భార్య, అవ్వ, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాకెర్కనే బిడ్డా. తువ్వాల నేనే తడిపి ఇచ్చిన గద." చెయ్యి వదలకుండానే మళ్లీ అంది. "నీ పత్రిక వచ్చినప్పుడల్ల మీ తాత మనుమరాలితోని సదివిపిచ్చుకుంటుండె. అంత ఇన్నంక, 'ఇంకా రాయలే' అని మడిచి పెట్టెల పెడుతుండె."

ఈ సంచిక ఆ ఇంటికీ పోతుంది. మనుమరాలు చదువుతుంది. వినవలసిన ఆయన లేడు.

మలుపులో ఫ్లెక్సీ ఇంకా ఉన్నది. అంత పెద్దగా చేస్తే ఇన్నాళ్లూ నాకు కనబడనిది ఒకటి కనబడింది. తువ్వాల కొసన ఒక నీటిబొట్టు. ఇంకా పడలేదు. జింక నోరు కొంచెం తెరిచే ఉన్నది.