ఆదికేశవులు నాలుకకు అన్నీ చవుడు నేలలే

ఆదికేశవులు మన్ను తినేవాడు. ఆకలై కాదు. ఎక్కడైనా నేల అమ్మకానికి వచ్చిందని తెలిస్తే చాలు, పిలిచినా పిలవకపోయినా ఆయన అక్కడ ఉండేవాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని, చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు నమిలి, పక్కకు ఉమ్మేసి ఒకటే మాట చెప్పేవాడు.

“సవుడప్పా.”

చవుడంటే ఉప్పు పేరిన నేల, పంట రాని నేల. ఆ మాట వినగానే కొనడానికి వచ్చినవాళ్ళు గొడుగులు ముడుచుకుని బండెక్కేవారు. ఆదికేశవులు వాళ్ళ తాత మన్ను రుచి చూసి ఎన్ని నిలువుల లోతున నీళ్ళు పడతాయో చెప్పేవాడట. ఆ పేరు మనవడి నాలుకకూ వచ్చింది. చిత్తూరు చుట్టూ నలభై ఊళ్ళలో దానికి ఎదురు లేదు. విచిత్రమేమంటే, ముప్పై ఏళ్ళలో ఆ నాలుకకు ఒక్క మంచి నేల కూడా తగల్లేదు. ఏటి గట్టున నల్లమన్ను చవుడే. కొండ కింద ఎర్రమన్ను చవుడే. మనిషిని మించి ఎదిగిన చెరకుతోటలో నిలబడి, ఆ చెరకే నములుతూ, తోట చవుడన్నాడని చెప్పుకునేవారు.

ఆయనకు సొంతంగా సెంటు నేల లేదు. వానాకాలం ఒకరి మెట్టలో శెనక్కాయ వేసేవాడు. అది పీకినాక ఇంకొకరి చేలో ఉలవలు చల్లేవాడు. వాన బాగుంటే మరొకరి బావి కింద రాగులు. పంట కారు మారితే నేల మారేది.

“నీకు ఒక్క ఎకరా అయినా కొనుక్కోవాలని లేదా పెద్దాయనా?” అని ఒకసారి అడిగాను.

“ఉండాది అయివోరా. ఏం జేసేది, యాడ సూసినా సవుడే.”

నేను చిత్తూరు హైస్కూల్లో సైన్సు చెప్పే అయ్యవారిని. టౌనులో బాడుగలు కట్టలేక నీవా ఏటి గట్టున ఏటిగడ్డపల్లెలో కాపురం పెట్టాను. ఆదికేశవులుది మా ఎదురిల్లు. 1946లో రేషను బియ్యం తగ్గించి గోధుమలు ఇచ్చారు. మా ఆవిడ ప్రసూనాంబ వాటిని ఉడకబెట్టాలో వేయించాలో తెలియక చేట ముందేసుకుని కూర్చుంది. ఆదికేశవులు నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు.

“ఏ ఊరివి మ్మా ఇవి?”

“ఆస్ట్రేలియావంట పెదనాయనా. ఓడలో వచ్చినాయంట.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఏం రాబోతోందో మాకు తెలుసు.

“ఆడా సవుడే.”

సముద్రాలకు అవతల ఉన్న ఖండాన్ని మా వసారాలో కూర్చుని కొట్టిపారేశాడు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, మా పాప మీదికి వచ్చేదాకా. పాపకు తొమ్మిది నెలలు. కొత్తగా పాకుతోంది. నాకేమో కంటికి కనిపించనివన్నీ కనిపించేవి. నీళ్ళలో కలరా, ఈగ కాలి మీద టైఫాయిడు, మట్టిలో పేగులను పట్టే కొంకిపురుగు. పాప తాగే నీళ్ళు రెండుసార్లు కాచేవాణ్ణి. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పాప మా వాకిట్లో పిడికెడు మన్ను నోట్లో పెట్టుకుని మొహం చిట్లిస్తోంది. ఎదురుగా ఆదికేశవులు చప్పట్లు కొడుతున్నాడు.

“సూసినావా అయివోరా, బిడ్డ ఎట్ల కనుక్కున్నాదో. మీ వాకిలీ సవుడే.”

పాపను లాక్కుని నోరు కడిగి, వేలు పెట్టి మన్ను తీసి, ఆయన మీద మండిపడ్డాను. “మట్టిలో పురుగుంటుంది, పెద్దాయనా. నీ నాలుకకు ఏమీ తెలియదు. అదొక మూఢనమ్మకం. నేను రుజువు చేస్తాను చూడు.”

“సెయ్యప్పా,” అన్నాడు ఆయన శాంతంగా. “సదువుకున్నోడివి.”

ఆ శాంతం నన్ను ఇంకా రెచ్చగొట్టింది.

అవకాశం వారంలోనే వచ్చింది. చిత్తూరులో వకీలు పరంధామయ్యగారికి మా ఊళ్ళో బావి ఉన్న రెండున్నర ఎకరాలుండేవి. దాన్ని ఇరవై ఏళ్ళుగా గుత్తకు చేసేది ఎల్లప్ప, గంగులమ్మ. పంట వచ్చినా రాకపోయినా ఏడాదికి ఇన్ని మూటలని వకీలుగారింటికి కొలిచేవాళ్ళు. వకీలుగారు ఆ నేలను చూసింది రెండుసార్లు, అందులో ఒకసారి రైలు కిటికీలోంచి. మద్రాసులో ఇల్లు కొనడానికి ఆయన దాన్ని అమ్మజూపారు. ఆదికేశవులు వెళ్ళి మన్ను నోట్లో వేసుకున్నాడు. “సవుడప్పా. బావి నీళ్ళూ ఉప్పే.” టౌను నుంచి వచ్చిన ముగ్గురు బేరగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జారుకున్నారు. ధర పడిపోయింది.

నేను ఆ మన్నును రుమాలులో కట్టుకుని బడికి తీసుకుపోయాను. స్వేదనజలంలో కలిపి, వడగట్టి, లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రది ఎర్రగానే ఉంది, నీలంది నీలంగానే ఉంది. నీళ్ళు ఇగరబెడితే అడుగున ఉప్పు లేదు. బావి నీళ్ళూ అంతే. ఆ సంతోషం ఆపుకోలేక అయ్యవార్ల గదిలో అందరికీ చెప్పాను. మర్నాడు వకీలుగారే కబురు పెట్టారు.

“మీరు కనిపెట్టింది ఒక కాగితం మీద రాసి ఇవ్వగలరా మాస్టారూ?”

“తప్పకుండానండీ,” అన్నాను. ఎందుకని అడగాలని తోచలేదు. నేల మేలైనదని, చవుడు అన్న మాట శాస్త్రానికి నిలవదని రాసి, కింద నా పేరు, నా డిగ్రీ, సంతకం. సంతకం కాస్త పెద్దదిగానే పెట్టాను.

పది రోజుల్లో చిత్తూరు బెల్లం మండీ షావుకారు ఒకాయన ఆ నేలను రెట్టింపు ధరకు కొన్నాడు.

గెలిచానని చెప్పడానికి ఆదికేశవులును వెతుక్కుంటూ వెళ్తే, ఆయన ఆ బావి దగ్గరే ఉన్నాడు. ఎల్లప్ప నీళ్ళు తోడే తోలు బానను ఎద్దులు లాగే కపిల నుంచి విప్పుతున్నాడు. గంగులమ్మ మోకులు చుడుతోంది. షావుకారు తన మనుషులతో చెరకు వేయిస్తాడట.

“చూశావా పెద్దాయనా, నేల మంచిదే,” అన్నాను. అంటూండగానే నా గొంతు నాకు నచ్చలేదు.

జవాబు గంగులమ్మ ఇచ్చింది. ఆమె తలెత్తలేదు.

“ఈ నేల మంచిదని మాకు తెల్దా అయివోరా? ఇరవై ఏండ్లు దున్నినోళ్ళం. మంచిదంటే మాకు అందుతాదా? ఈ అన్న సవుడన్నాడు గాబట్టే మా ధరకు దిగినాది. ఇంకో కారు శెనక్కాయ అమ్ముకొనుంటే మాదయ్యుండు.”

“ఊరుకో మే,” అన్నాడు ఎల్లప్ప. “అయివోరికి తెల్సి చేసినాడా?”

తెలిసి చేయలేదు. ఆ మాట నాకు ఏమీ సాయం చేయలేదు. అక్కడే నిలబడి, ఆదికేశవులు చవుడన్న నేలలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. కొండ కింద ఎర్రమన్ను ఇప్పుడు ఎవరిది? దాన్ని గుత్తకు చేసిన పెంచలమ్మది. ఆ చెరకుతోట? అందులో కూలి చేసిన అన్నదమ్ములది. ముప్పై ఏళ్ళలో పదకొండు కుటుంబాలు ఆ మనిషి ఉమ్మిన చోట సొంత నేల మీద నిలబడ్డాయి. ఆయన మాత్రం ఒక్కటీ కొనలేదు. కొంటే ఆ నాలుకను మళ్ళీ ఎవరు నమ్ముతారు?

“ముందే నాకు ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?”

“నువ్వు అబద్ధం ఆడలేవు గదా అయివోరా,” అన్నాడు ఆదికేశవులు. “నీ కాయితం తప్పేం గాదు. నా నాలికా తప్పు గాదు. ఇరవై ఏండ్లు ఎల్లప్ప సెమట పడిన మన్ను, ఉప్పగా ఉండక ఏముంటాది?”

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మునుపటిలాగే వచ్చేవాడు, పాపను ఎత్తుకునేవాడు, మా ఇంటి చారు తాగి ఈ చింతచెట్టు చవుట్లో పుట్టిందనేవాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

1948లో, తొలకరి పడిన వారానికి, పరంధామయ్యగారు మిగిలిన ఒక్క ఎకరా మెట్ట కూడా అమ్మకానికి పెట్టారు. బావి లేదు, వాన మీదే శెనక్కాయ. అప్పటికి దాన్ని గుత్తకు చేసేది ఎల్లప్పే. ఈసారి వకీలుగారు తెలివిగా బేరగాణ్ణీ నన్నూ ఒకే గుర్రబ్బండిలో ఎక్కించుకొచ్చారు. ఆదికేశవులు అప్పటికే గట్టు మీద ఉమ్ముతున్నాడు.

“సవుడప్పా.”

వకీలుగారు నవ్వారు. “మా మాస్టారున్నారు లెండి. ఏదీ, మీ కాగితాలు తీయండి.”

లిట్మస్ కాగితాలు నా జేబులోనే ఉన్నాయి. ఎల్లప్ప నా మొహం చూడకుండా కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

“మద్రాసు నుంచి స్టాకు రాలేదండీ,” అన్నాను.

“మరెలా? మీరు చదువుకున్నవారు, చూసి చెప్పలేరా?”

వంగాను. చిటికెడు మన్ను తీశాను. పాప నీళ్ళు రెండుసార్లు కాచే నేను, దాన్ని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాను. చవుడు కాదు. వాన పడిన నేల ఎంత కమ్మగా ఉంటుందో అంత కమ్మగా ఉంది.

“చవుడేనండీ,” అన్నాను.

బేరగాడు గొడుగు ముడిచాడు. నెల తిరక్కుండా ఆ ఎకరా ఎల్లప్ప పేరు మీద రిజిస్టరైంది.

బండి వెళ్ళిపోయాక ఆదికేశవులు నా పక్కకు వచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

“సవుడని సెప్పినాక ఉమ్మాల అయివోరా. నువ్వు మింగినావు. మంచి మన్నని వకీలు కనుక్కొనుంటే?”

కొంకిపురుగు భయంతో మూడు రోజులు ఆముదం తాగాను.

ఎకరా వచ్చింది గానీ, బావి ఉన్న ఆ రెండున్నర ఎకరాలు పోయినవి పోయినట్టే. బడికి అదే దారి. షావుకారు చెరకు గాలికి ఊగుతుంటే నేను సైకిలు మీద తల అటు తిప్పుకుంటాను. ఆ నేలను అమ్మించిన కాగితమే నా జీవితంలో నేను రాసిన ఒకే ఒక నిజమైన శాస్త్ర నివేదిక.

మొన్న ఆదివారం పత్రికలో ఒక మూల చిన్న వార్త కనబడితే ఆదికేశవులుకు చదివి వినిపించాను. ఆస్ట్రేలియాలో సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రవాళ్ళు సేద్యం చేస్తామంటున్నారట. నేల ధరలు వాళ్ళకు అందడం లేదట. ఎవరి నేలలోనో కారుకొక పంట వేసుకుని బతుకుతున్నారట.

ఆయన ప్రసూనాంబ చేటలోంచి రెండు రేషను గోధుమలు తీసుకుని నమిలాడు.

“అప్పుడే సెప్పినా గదా అయివోరా, ఆడా సవుడేనని. కాయితం మీద రాసి ఆడికి పంపించు. నా మాట ఆడ ఎవురికి తెలస్తాది? నీ సంతకం పెట్టు. నీ సంతకానికి యాడైనా ధర ఉండాది.”

రెండున్నర ఎకరాలకు ఆయన నన్ను దెప్పింది ఆ ఒక్కసారే. ఎవరికి పంపాలో తెలియదు గానీ, కాగితం తీసి ఆస్ట్రేలియా అంతా చవుడని రాశాను. కింద నా పేరు, డిగ్రీ, పెద్ద సంతకం. ఆదికేశవులు దాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు.