అత్త అడిగిన ముక్క

మా మేనత్త నౌపడ ఉప్పు మడుల్లో కూలి పని చేసి నన్ను పీహెచ్‌డీ దాకా చదివించింది. కణజాలపు ముక్కను అయస్కాంతంలో పెట్టి, అందులోని నీటిని రేడియో తరంగంతో ఒక్కసారి కుదిపి వదిలితే, అది మళ్ళీ సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో కొలవడం నా పని. క్యాన్సర్ ముక్కల్లో నీరు ఆలస్యంగా సర్దుకుంటుంది.

"నీల్లు కొలవడానికి ఇన్నేళ్ళేటిరా?" అనేది అత్త.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది అత్తకే రొమ్ము తీసేయాల్సి వచ్చింది. మా ల్యాబ్‌కు ముక్కలిచ్చే ఆసుపత్రిలోనే ఆపరేషన్. ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టేముందు ఒకే షరతు పెట్టింది.

"పనయ్యాక నాది నాకు తెచ్చియ్యాల అల్లుడూ. మన సమాదుల తోటలో పాతించుకుంటాను. పెబువు లేపిన్నాడు నేను నిండుగా లేవాల."

"తెస్తానత్తా," అన్నాను.

రెండేళ్ళుగా నన్ను ఏడిపించిన యంత్రం ఆపరేషన్ రోజున అత్త ముక్కకు వంకర లేని గీత ఇచ్చింది. రోగం బాగా ముదిరిందని అంకె చెబుతూనే ఉంది. అయినా నాకు సంతోషం వేసింది, దాచడం దేనికి. గైడుకు ఫోన్ చేసి, ఆ ఊపులోనే ముక్కలు పెట్టిన గొట్టాలన్నీ ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో పడేశాను. మర్నాడు ఆసుపత్రిలో అత్తను చూడడానికి బయలుదేరబోతుంటే ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అప్పటికే బండి వచ్చి సంచిని కాల్చడానికి పట్టుకుపోయింది.

యంత్రాన్ని సరిచూసుకోవడానికి తెచ్చిన మేక కార్జం ఫ్రిజ్‌లో ఉంది. ఒక ముక్క కోసి, సీసాలో వేసి, మూత బిగించి తీసుకెళ్ళాను. నిజం చెబితే అత్త నాలుగు తిట్లు తిట్టేది. ఆ నాలుగు తిట్లు పడలేకపోయాను.

అత్త సీసా మూత తీయలేదు. ఊరికి వచ్చాక దాన్ని చిన్న చెక్కపెట్టెలో పెట్టించి, పాస్టరు గారితో ప్రార్థన చేయించి, మావయ్య సమాధి పక్కన పాతించింది.

"సూడు మావా, ముందుగాల కొంచెం వచ్చీసినాను," అంది సమాధితో. ఆ రోజు కడుపునిండా అన్నం తింది.

ఐదు నెలలకే పోయింది. ఆమె చెప్పిపోయినట్టే ఆ పెట్టెను తవ్వి తీశారు. శవపేటిక మూసేముందు పాస్టరు గారు దాన్ని నా చేతికిచ్చారు.

"నువ్వే పెట్టు నాయనా. నిన్ను సదివించిన తల్లి."

అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. అందరూ నాకోసమే ఆగారు. ఆమె ఛాతీ మీద, చీర చదునుగా పడుకున్న వైపు, పెట్టాను.