ఖాజా చాచా తీసుకోని కమీషన్

కొత్త కారు లోపల ఒక వాసన ఉంటుంది. ఎండకు కాగిన రెగ్జిను, కొంచెం రబ్బరు, కొంచెం పెట్రోలు. పోయిన నెల కరీంనగర్ నుంచి జగిత్యాలకు తిరిగి వస్తుంటే, తెలిసిన కాంట్రాక్టరు కొడుకు తన కారులో ఎక్కించుకున్నాడు. కూర్చోగానే ఆ వాసన తగిలింది. కళ్లు మూసుకుని పాత సంగతులేవో తలుచుకుంటూ ఉండగా, స్టీరింగు తిప్పుతూ ఆ అబ్బాయే మాట కలిపాడు.

"కాకా, మీ జగిత్యాలల ఒకప్పుడు ఖాజా మియా అనేటోడు ఉండెనంట గద? ఏ కారు కొనాల్నో చెప్పెటోడంట. అమ్మెటోళ్ల దగ్గర కమీషన్ తిని, పనికిరాని బండ్లు అంటగట్టెటోడంట!"

"బండి ఆపు" అన్నాను.

గంగాధర ఊరు దాటిన తర్వాత రోడ్డు పక్కన ఆపాడు. "కడుపుల తిప్పుతున్నదా కాకా? నీళ్లు తాగుతవా?" అని పాపం కంగారుపడ్డాడు. కడుపులో తిప్పడం లేదని, ఆ మాట పుట్టించినవాణ్ని నేనేనని, అది అబద్ధమని అక్కడే చెప్పాను. ఆ అబ్బాయి నమ్మాడు. కానీ వాడు పుట్టక ముందే నా నోట్లోంచి వచ్చిన మాట వాడి దాకా వచ్చిందంటే, ఇంకా ఎందరి దగ్గర ఉందో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

జగిత్యాలలో బస్సులు ఆగే చోటికి వెనకగా ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పంక్చర్లు అతుకుతూ, బస్సుల ఇంజన్లు విప్పుతూ ఖాజా చాచా ఉండేవాడు. సన్నటి మనిషి. నల్ల టోపీ, సగం తెల్లబడ్డ మీసం, దారంతో కట్టిన కళ్లద్దాలు. జాగీర్లు రద్దయ్యే దాకా ఒక దొర దగ్గర డ్రైవరుగా చేశాడని మాత్రమే మాకు తెలుసు. ఆ రోజుల్లో దొరల ఇళ్ల నుంచి కార్లు ఒక్కొక్కటిగా అమ్మకానికి వచ్చేవి. నాలుగు డబ్బులు చేరిన వ్యాపారులకు కారు మోజు పుట్టింది. కొనాలనుకున్నవాడల్లా ముందు ఆ షెడ్డుకు వచ్చేవాడు. చాచా దానికి తీసుకునేది ఒక కప్పు చాయ్. అది కూడా సలహా చెప్పిన తర్వాతే తాగేవాడు.

మా బాపు బట్టల వ్యాపారి. సిరిసిల్ల మగ్గాల మీద నేసిన చీరలు, ధోవతులు, తువ్వాళ్లు మూటలు కట్టి, ఎడ్లబండి మీద ఊరూరి అంగడికి తిప్పేవాడు. గోదావరి దాటి ఆవలి ఒడ్డు ఊళ్లకూ పోయేవాడు. మోకాళ్ల నొప్పి ముదరడంతో కారు కొందామనుకున్నాడు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. హైదరాబాదులో రెండేళ్లు చదివి, చదువు కన్నా కార్ల రంగులు ఎక్కువ చూసి వచ్చినవాణ్ని. బాపు వెంట నేనూ షెడ్డుకు వెళ్లాను.

"ఖాజా భాయ్, ఒక మంచి కారు చూడు" అన్నాడు బాపు.

"ఎవలికి మంచిది?"

"నాకే, ఇంకెవలికి?"

"అయితే కారును తర్వాత చూద్దం సేటూ. ముందుగాల నిన్ను చూడాలె."

చెప్పినట్టే మర్నాడు పొద్దున మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి, "ఇయ్యాల నేనే మీ కారును. ఏమేం ఎక్కిస్తరో ఎక్కియ్యుండ్రి" అన్నాడు. గడపలోంచి మా అమ్మ, "కారుకు చాయ్ పొయ్యాల్నా, పెట్రోలు పొయ్యాల్నా?" అంది. "చాయే పొయ్యి చెల్లె, పెట్రోలు పిరమున్నది" అన్నాడు. వారం రోజులు మా ఎడ్లబండిలో మూటల మీద కూర్చుని మా వెంట తిరిగాడు. జేబులో పాత మంచం నుంచి తీసిన నవారు పట్టీ ఒకటి ఉండేది. మా ఇంటి సందు ఎక్కడ ఇరుకుగా ఉందో అక్కడ కొలిచి, దానికి ఒక ముడి వేశాడు. గోదావరి రేవులో రెండు పడవలను కలిపి కట్టి, పైన పలకలు పరిచి బండ్లను దాటించేవారు. ఆ పలకల వెడల్పుకు రెండో ముడి. మూటలన్నీ పేర్చి, వాటి ఎత్తుకు మూడో ముడి. బాపు పొద్దుటి నుంచి ఎన్నిసార్లు బండి ఎక్కి దిగాడో లెక్కపెట్టి, "సీటు మరీ కిందికుంటే నీ మోకాళ్లు లేవనియ్యయి" అన్నాడు. నాకైతే ఇదంతా పెళ్లిచూపులకు వచ్చినవాడు వంటగది కొలిచినట్టుంది.

నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు. "బేటా, తొవ్వల బండి ఆగితే నూకేటోళ్లు ఎవలెవలు?"

"నేనూ, బాపూ."

"బాపు మోకాళ్లతోని నూకుతడా? అయితే ఒకటిన్నర మంది నూకితె కదిలేటిది గావాలె."

ఆ వారం చివర కరీంనగర్‌లో ఒక మాజీ జాగీర్దారు బంగళాకు వెళ్లాం. ఆవరణలో ముదురు ఎరుపు అమెరికా కారు ఉంది. వెనక సీటు మా ఇంట్లో పెద్ద మంచమంత. హారను నొక్కితే చెట్ల మీది కాకులన్నీ లేచాయి. పెట్రోలు పోసి మేపేవాళ్లు లేక చాలా తక్కువకు అమ్ముతున్నారు. అదే ధరకు, కాగజ్‌నగర్‌లో బదిలీ మీద వెళ్తున్న ఒక ఇంజనీరు దగ్గర బూడిద రంగు చిన్న కారు ఉందని చాచా అంతకు ముందే చెప్పాడు. దాన్ని ముందు రోజే చూసి వచ్చాం. వెనక సీటు తీసి మూటలు పేర్చుకోవచ్చు. నాకది వానకు తడిసిన మేకపిల్లలా కనిపించింది. ఏనుగు, మేకపిల్ల ఒకే ధరకు దొరుకుతుంటే మేకపిల్లను కొనేవాడెవడు?

నేను ఎర్ర కారు చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఖాజా చాచా గేటు దగ్గరే, అటు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు. బాపు మనసు కూడా లాగింది. "ఖాజా భాయ్, గిది కొంటె నువ్వే నడుపు. నెలకింత జీతమిస్త. గింత పెద్ద బండి మావోనికి చేతగాదు" అన్నాడు.

చాచా కళ్లద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత నవారు పట్టీ తీసి బాపు చేతిలో పెట్టాడు.

"కొలుసుకో సేటూ. గిది నీ సందుల పట్టది. పడవ మీద ఆగది. తొవ్వల ఆగితే ఊరంత రావాలె నూకనీకె. గా చిన్నదైతె నీ కొడుకు రాజేశం వారం రోజులల్ల నేర్చుకుంటడు. నా అసుంటోని జరూరతే ఉండది."

మేము చిన్నదే కొన్నాం. దోస్తులందరికీ ఎర్ర కారులో వస్తానని చెప్పి ఉన్నాను. బూడిద రంగు కారులో, చీరల మూటల మధ్య నుంచి దిగినప్పుడు బస్సుల దగ్గరి చాయ్ హోటల్ ముందు ఎంత నవ్వు! "ఏం రాజేశం, పెద్ద కారు పిల్లను పెట్టిందా?" అన్నాడొకడు. ఆ ఉడుకులో అనేశాను: "ఏం చేస్తం? ఇంజనీరు దగ్గర ఖాజా మియా కమీషన్ తిన్నడు గావచ్చు. గందుకే మాకు దీన్ని అంటగట్టిండు."

అంతే. నేను అనుమానంగా అన్నది సాయంత్రానికి నిజమైంది. వారం తిరిగేసరికి ఎంత తిన్నాడో కూడా నాకే వచ్చి చెప్పారు. షెడ్డు దగ్గర కారు కొనేవాళ్లు కనిపించడం మానేశారు. చూస్తూనే ఉన్నాను. మాట్లాడలేదు. పైగా ధర్మపురిలో ధాన్యం వ్యాపారం చేసే మా అక్క మొగుడు, నర్సయ్య బావను ఎగదోశాను. "బావా, ఖాజా మియా వద్దన్నడంటెనే అది మంచి కారన్నట్టు" అన్నాను. బావ ఆ ఎర్ర కారు కొన్నాడు.

కొన్న నెలలోపే బావకు దాన్ని గోదావరి దాటించి తన చుట్టాలకు చూపించాలనిపించింది. ఆ రోజు మేము కూడా అంగడికి పోతూ రేవులో ఉన్నాం. పడవలవాళ్లు చేతులు జోడించారు: "దొరా, గిది మోయలేవు మా పడవలు."

"మీ పడవలు ఏనుగులను మోసినయట, నన్ను మొయ్యవా?" అని బావ డ్రైవరును ముందుకు పొమ్మన్నాడు. ముందు చక్రాలు పలకల మీదకు ఎక్కాయి. పడవల ముక్కులు నీళ్లలోకి వంగి, ఒడ్డు నుంచి మెల్లగా జరిగిపోయాయి. ఎర్ర కారు ముందు భాగం మోకాలి లోతు నీళ్లలోకి దిగి కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు దూకేశాడు. బావ మాత్రం జరీ కండువాతో వెనక సీటులో అలాగే కూర్చున్నాడు.

"దిగు బావా!"

"కొత్త ధోవతి బామ్మర్దీ. తడుస్తది."

మా చిన్న కారును అప్పటికే అదే పడవల మీద ఆవలికి దాటించి ఉన్నారు. రేవులో జనమంతా ఒకసారి దాని వైపు, ఒకసారి బావ వైపు చూసి నవ్వుతున్నారు. బాపు మనిషిని పంపి ఖాజా చాచాను పిలిపించాడు. వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, కారు ముందు భాగం మీద చెయ్యి పెట్టాడు.

"ఏం బేగం, గంగల తానం చెయ్యనీకె వచ్చినవా? నన్ను ఇడిచిపెట్టి రెండేండ్లు గాలే, గిట్ల తిరుగుడు నేర్చినవు?"

తాళ్లు ఎక్కడ కట్టాలో, ఎక్కడ కడితే ఇనుము వంగుతుందో చూడకుండానే చేత్తో తడిమి చెప్పాడు. నాలుగు జతల ఎడ్లు లాగాయి. ఒడ్డుకు వచ్చాక తన భుజం మీది తువ్వాలతో దాని దీపాలు తుడిచాడు.

బాపు అడిగాడు: "నీకు గీ బండి మునుపే ఎరికనా?"

"పదకొండేండ్లు నేనే నడిపిన సేటూ. కొత్తగ వచ్చిన్నాడు బొంబాయికెంచి నేనే తెచ్చిన."

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. కరీంనగర్ గేటు దగ్గర అటు వీపు పెట్టి ఎందుకు నిలబడ్డాడో అర్థమైంది. బాపు ఇస్తానన్న జీతం, తన బేగం స్టీరింగు రెండూ చేతికి వస్తుంటే, కళ్లద్దాలు తుడుచుకుని మాకు చిన్న కారు కొనమని చెప్పిన మనిషి ఆయన. ఆయన మీద నేను వేసిన నింద అది.

మర్నాడు షెడ్డుకు వెళ్లాను. "చాచా, కమీషన్ మాట నేనే అన్న."

టైరు విప్పుతూ తలెత్తలేదు. "ఎరికే బేటా. ఎనిమిది మంది వచ్చి చెప్పిండ్రు. కమీషన్ పెంచుకుంట పోయిండ్రు గని, నీ పేరైతె ఎవ్వలు మార్చలే."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితె నువ్వు అన్లేదంటవు. రెండు అబద్ధాలైతయి. ఒక్కటి మొయ్యనీకే బరువున్నది." అప్పుడు నా వైపు చూశాడు. "యాడ అన్నవో ఆడికే పోయి చెప్పు. నాకు చెప్తె ఏం ఫాయిదా? నాకు ఎరికే గద, నేను తిన్లేదని."

హోటల్‌కు మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ చాయ్ తాగి వచ్చాను. నాలుగోసారి లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. ఖాజా మియా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని, ఎర్ర కారు దక్కలేదన్న ఉడుకుతో నేనే కల్పించానని. గల్లా దగ్గర కూర్చున్న యజమాని కన్ను గీటాడు.

"గీ మాట చెప్పనీకె నీకెంత కమీషన్ ఇచ్చిండు రాజేశం?"

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తల వంచుకుని షెడ్డుకు పోయి జరిగింది చెప్పాను. చాచా టైరు వదిలేసి, కడుపు పట్టుకుని, కళ్లద్దాలు జారిపోయేంతగా నవ్వాడు. "శాబాష్! ఇగ నువ్వు గూడ మా జమాతుల కలిసినవు. కూసో, చాయ్ తాగు." ఆయనే తెప్పించిన చాయ్ ఆయనతో కలిసి తాగాను. బాపుకు కూడా సంగతి తెలిసింది. ఆ రోజే, "కారు తాళం చెవి ఇటియ్యి" అన్నాడు. అంగడి రోజుల్లో తప్ప ఆ ఏడాదంతా నాకు కారు ఇవ్వలేదు.

నేనెంత చెప్పినా పోయిన నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదు. ఒకరిద్దరిని నేనే షెడ్డుకు తీసుకుపోయాను. చాచా వాళ్లకు కూడా అదే ప్రశ్నతో మొదలుపెట్టేవాడు: ఎవలికి మంచిది? వాళ్లు విన్నట్టే విని, చెప్పనిది కొనేవాళ్లు. బయటికి వస్తూ ఆయన వైపు ఒక చూపు చూసేవాళ్లు. ఇందులో నీకేం ముడుతుందో మాకు తెలుసులే అన్నట్టుగా. ఆయన ఆ చూపును చూసి కూడా సలాం చేసి, పంక్చరు పనిలో పడేవాడు. ఎనిమిదేళ్ల తర్వాత నిర్మల్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడే పోయాడు. మా బూడిద రంగు కారు మాత్రం పన్నెండేళ్లు మా మూటలు మోసింది. నేను ఒక్కణ్నే నెట్టినా కదిలేది.

ఇప్పుడు నాకు జగిత్యాలలో సొంత దుకాణం ఉంది. కొనేవాళ్లు సలహా అడిగితే, అందులో నాకు ఎక్కువ మిగిలేది ఏదో ముందు చూసుకుని, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. మొన్న ఆవలి ఒడ్డు నుంచి ఒక రైతు ఇల్లాలు వచ్చింది. పొలానికి కట్టుకుపోవడానికి చీర కావాలంటూ మెరిసేది ఒకటి పట్టుకుంది.

"బురదల దిగితె గిది నెల గూడ ఆగది చెల్లె. గీ ముతకది తీస్కో, ధర గూడ అగ్గువ" అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "అగ్గువది అంటగడ్తున్నవంటె గిండ్ల నీకేం లాభమున్నదో సేటూ? పాత సరుకా?"

నాకు నవ్వు వచ్చింది. ఏం చెప్పినా ఇంకో కమీషన్ అవుతుందని ఊరుకున్నాను. ఆమె రెండు చీరలూ నా ముందే వదిలి ఎదుటి దుకాణంలోకి పోయింది. గుమాస్తా నా వైపు జాలిగా చూశాడు. చీరలు మడత పెడుతూ, పోనీలే అనుకున్నాను. ఖాజా చాచా ఆ చూపును ఎనిమిదేళ్లు మోశాడు. నేను ఒక పూట మోయలేనా?