డాక్టరమ్మ వెండి సిమెంటుకు నా సాక్ష్యం

పండ్ల డాక్టరమ్మ చనిపోయిందని పొద్దుగాల పాలు పోసేటామె చెప్పింది. నేను నమ్మలే. మా గోదావరిఖనిల బతికున్నోళ్లను గూడ సంపేటోళ్లు మస్తుమంది ఉన్నరు. "ఎవలు జెప్పిన్రే నీకు?" అన్న. "అందరు అంటున్నరు అవ్వా" అన్నది. అందరు అంటున్నరంటె నాకు ఇంకింత అనుమానం. చెప్పులు తొడుక్కోని పోయిన. ఆమె దవాఖాన షట్టరు సగం దించి ఉన్నది. ఎనుక ఇంట్ల, నడిమి అర్రల ఆమెను పండుకోబెట్టిన పెట్టె పెట్టిన్రు. మొఖం మీద పూలు ఎక్కువేసిన్రు, గుర్తు పట్టరాలే. చేతులు చూసిన. కుడిచెయ్యి నడిమేలు మీద కాయ కాసి ఉన్నది. జిందగంత సన్నటి ఇనుప పుల్లలు పట్టుకున్న చెయ్యి అది. అప్పుడు నమ్మిన. అక్కడ్నే గోడకు ఒరిగి కూసున్న.

నాకు సదువు రాదు. నేను చెప్తాంటె నా కోడలు రాస్తున్నది. ఒక్క మాట గూడ అటిటు చెయ్యద్దని ముందుగాలనే చెప్పిన. రాసినంక పక్కింటి టీచరమ్మతోని సదివిచ్చుకుంట. ఎందుకంటె ఈ ముచ్చట్ల నా కోడలు అవతలి పక్క మనిషి.

సంగతేందంటె, పెట్టె ఇంకా ఇంట్ల ఉండంగనే వాకిట్ల మాటలు మొదలైనయి. "పాదరసం ముట్టీ ముట్టీ గుండె ఆగిపోయిందట" అని ఒకాయన. "మన నోళ్లల్ల గూడ గదే ఇసం నింపి పోయింది" అని ఇంకొకామె. బస్టాండు దిక్కు కొత్తగ పండ్ల క్లినిక్కు పెట్టిన్రు, ఆడ నల్లటివన్ని తీసి తెల్లటివి పెడ్తున్నరని, మట్టి కాకముందే జనం దారి అడుగుడు షురూ జేసిన్రు. ఇంటికొచ్చినంక నా కోడలు అన్నది: "అత్తమ్మా, మీ దవడ పన్నుల ఉన్నది గూడ తీయించుకుందాం. ఎందుకచ్చిన లొల్లి?"

నాకు కింది దవడకు గట్టిగ నమిలే పన్ను గదొక్కటే. సగం పన్ను, సగం డాక్టరమ్మ పెట్టిన వెండి. అది మొత్తం పెల్లగిస్తె సుట్టున్న సన్నటి గోడలు నిలుస్తయా? నిలవకపోతె నేను సచ్చేదాంక జావ తాగాలె. నా పన్ను పోతది, ఆమె పేరు పోతది అనుకున్న. గందుకే కూసోని రాయిస్తున్న.

నేనేం ఆమెను దేవతని నమ్మి పోలే. మొదటిసారి పోయిననాడు నోరే తెరువలే. దవడ సలుపుతున్నది, కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, అయినా తెరువలే. "ముందుగాల ఏం జేస్తవో చెప్పు" అన్న. ఆమె కోపం చెయ్యలే. గుండ్రటి అద్దం నా చేతికిచ్చింది. "పట్టుకో అక్కా. నేను ఏం జేస్తున్ననో నువ్వు జూడు. నచ్చకపోతె చెయ్యి లేపు, ఆపుత" అన్నది. ఇంకా ఏడుస్తాంటె, "ఏడ్వు, నేను వద్దంటలేను. గని నోరు తెరిసి ఏడ్వు" అన్నది. ఏడుపుల నవ్వచ్చింది. గట్ల తెరిసిన.

అద్దంల చూస్తుంటె నాకు ఇంకో అనుమానం. పుచ్చింది జొన్నగింజంత, ఈమె చేసిన పొక్క మక్కగింజంత. మంచి పన్ను గూడ కోస్తున్నదని చెయ్యి లేపిన. మిషను ఆపింది. "వెండి పంటికి అంటుకోదు అక్కా. లోపల ఎడల్పు, పైన ఇరుకు చేస్తెనే అండ్ల ఇరికి నిలుస్తది. కుండల ఇరికిన పిడికిలి తీర్గ" అన్నది. సరే అన్న. గని నమ్మలే. అప్పట్ల ఆమెనే చిన్న కల్వంల వెండిపొడి, పాదరసం నూరేది. బట్టల ఏసి పిండేది. జరజర తీసి పొక్కల పెట్టి వత్తేది. కొత్త మంచం మీద కూసున్నట్టు కిర్రు కిర్రుమనేది. తర్వాత తర్వాత మిషను వచ్చింది, చిన్న గొట్టాన్ని గిరగిర ఊపేది. పిండంగ మిగిలింది నేల మీద పడనియ్యకపోయేది, నీళ్లున్న సీసల ఏసి మూత పెట్టేది.

మా ఆయన బొగ్గు బాయిల పని చేసేటోడు. పైబండ కూలకుంట కింద కట్టెలు నిలబెట్టుడు ఆయన పని. కట్టె నిలబెట్టినంక సుత్తెతోని రెండు దెబ్బలు కొట్టి, చప్పుడు ఇని, గప్పుడు సంగటోళ్లను లోపలికి రానిచ్చేటోడు. "కొట్టి చూడని కట్టె కింద నిలబడొద్దు" అని అనేటోడు. ఆయన పోయి చానేండ్లాయె, గా మాట నాకాడ్నే ఉన్నది. గందుకని డాక్టరమ్మ వెండి పెట్టిన పొద్దే, ఇంటికొచ్చి, వేయించిన మక్కలు గుప్పెడు నోట్లేసుకున్న. గట్టిగుందో లేదో చూడాలె గద! కటుక్కుమన్నది. మక్క గాదు, వెండి మూల ఇరిగింది.

మర్నాడు పోయి లొల్లి పెట్టిన. "గింతేనా నీ పని? ఒక్క మక్కగింజకు ఆగలే" అన్న. కుర్చీల కూసున్నోళ్లంత నన్నే చూస్తున్నరు. డాక్టరమ్మ చూసింది, ఏం తిన్ననో అడిగింది, చెప్పిన. మా ఆయన సంగతి గూడ చెప్పిన. నవ్వుతదనుకున్న. నవ్వలే.

"స్లాబు పోసిన రోజే దాని మీద ఎగురుతరా అక్కా? నిన్ననే చెప్పిన, ఇయ్యాల్టి దాంక అటు దిక్కు నమలొద్దని. నీ అనుమానం మంచిదే. గని జర ఆగి అనుమానపడు."

మల్ల కూసోపెట్టి, ఇరిగిన మూల సాపు చేసి, మల్ల నింపింది. గప్పటిసంది ఎవరికి వెండి పెట్టినా, "ఇంటికి పోయి మక్కలతోని పరీక్ష చెయ్యకుండ్రి" అని చెప్పి పంపేది. బాయి కట్టెల పని చేసేటోళ్ల ఇండ్లల్ల అది అవసరమేనట. ఇంకిద్దరు గూడ గదే చేసిన్రట, ఒకాయన శెనగలతోని.

ఆమె మెత్తటిదని మట్టి చేసేటప్పుడు చర్చి పాస్టరుగారు అన్నరు. నేనొప్పుకోను. చెయ్యి గట్టిది, మాట గూడ గట్టిదే. కాలనీల మగోళ్లు రిటైరు కాంగనే, ఉన్న పండ్లన్ని పీకేసి కట్టుడు పండ్ల సెట్టు పెట్టుమని వచ్చేటోళ్లు. "సొంత పన్ను మొద్దు మిగిలినా దాని మీద ఇల్లు కట్టొచ్చు. పీకుతె జాగనే పోతది" అని తిట్టి పంపేది. నాకు గప్పుడు గూడ అనుమానమే. పీకుడు అల్కటి పని గద, ఎందుకు వద్దంటున్నది, పదిమాట్ల తిప్పుకోనికా అని. బొగ్గుపొడితోని పండ్లు తోమేటోళ్లను చూస్తె ఆమెకు మండేది. చిగుర్ల కాడ పన్ను గొడ్డలితోని నరికిన చెట్టు తీర్గ అరిగి ఉండేది. అక్కడ పంటిరంగు సిమెంటు పెట్టి, "తోముతున్నవా, చెక్కుతున్నవా?" అనేది. ఇంగ మధ్యానం ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ అయ్యే యాళకు, ఎవలి నోట్ల ఏం చేస్తున్నా సరే, చెయ్యి పైకెత్తి ఆగేది. అల్మారల సీసలు గలగలమని, మల్ల సల్లబడ్డంకనే చెయ్యి దించేది.

పాదరసం ముచ్చట గూడ నేను మొఖం మీదనే అడిగిన. దాసలే. "ఒక్కటుంటె ఇసమే అక్కా. వెండితోని కలిసి గట్టిపడ్డంక మెదలకుండ ఉంటది. గట్టిగున్నదాన్ని ఊకెనే తోడుతెనే పొగ లేస్తది, ఉన్న పన్ను ఇంకింత పోతది. అయినా చిన్న పోరగాండ్లకు, కడుపుతోని ఉన్నోళ్లకు నేను పెట్ట" అన్నది. నా కోడలు కడుపుతోని ఉన్నప్పుడు పన్ను నొప్పితోని పోతె వెండి పెట్టలే, వేరే మందు పెట్టి పంపింది. ఇది గూడ రాయి అన్న. కోడలు పెన్ను ఆపి నా దిక్కు చూసింది. రాసింది. ఆఖరు ఏండ్లల్ల డాక్టరమ్మనే తెల్లటిది ఎక్కువ పెట్టేది. "దీనికి తడి సోకొద్దు. పొడిగ ఉంచగలిగే కాడ ఇది మంచిదే, ఉంచలేని కాడ కాదు" అనేది. ఒక్కదాన్నే పట్టుకోని ఏలాడే మనిషి గాదు.

సరే. మొన్న కోడలు పోరు పడలేక బస్టాండు కాడి క్లినిక్కుకు పోయిన. డాక్టరు పట్నం నుంచి వచ్చినాయన, మర్యాదస్తుడు. గంత మర్యాద నాకు గిట్టదు. కోడలు పోంగనే "మొత్తం తీసెయ్యండి సార్" అన్నది. "నల్లగైపోయింది గద" అన్నది.

"నల్లగున్నదల్ల పాడైందంటె ఈ ఊరినే తోడి పారెయ్యాలె" అన్న. "బిడ్డా, ముందుగాల అద్దమియ్యి."

అద్దం గాదు, ఎదురుంగ టీవీ పెట్టిండు. సన్నటి కెమెరా నోట్ల పెట్టంగనే టీవీల ఇంత పెద్ద పన్ను. "గీ పన్ను నాదేనని ఏం సాక్ష్యం?" అన్న. కోడలు నెత్తి కొట్టుకున్నది. నేను నాలుక కదిలిచ్చిన. టీవీల నాలుక కదిలింది. ఇంకోసారి కదిలిచ్చిన. సరే, నాదే.

"కొట్టి చూడు" అన్న. అద్దం కాడతోని పంటి మీద కొట్టిండు. నొప్పి లేదు. పుల్లతోని వెండి అంచు ఎంబడి గీసుకుంట పోయిండు. నున్నగ పోయింది, పోయింది, బుగ్గ దిక్కు చిగురు కాడ టక్కున దిగబడ్డది. నాకు తెలిసింది. టీవీల గూడ కనపడ్డది, అంచు కింద గోధుమరంగు మెత్తటి పొక్క.

కోడలు "చూసిన్రా అత్తమ్మా?" అన్నది. గెలిసినట్టు అనలే, మెల్లగనే అన్నది. డాక్టరమ్మ పెట్టింది పుచ్చింది. నేనిన్ని మాటలు మాట్లాడి, గిప్పుడు ఏమనాలె?

గప్పుడు యాదికొచ్చింది. ఆఖరిసారి పోయిననాడు డాక్టరమ్మ అన్నది: "నేను పెట్టిందని నమ్మి కూసోకు అక్కా. అప్పుడప్పుడు ఎవలతోనన్న కొట్టి చూపిచ్చుకో. పన్ను నీది, సిమెంటు నాది. రెండిట్ల ఒకటి పోవాలంటె నాది పోనియ్యి." గా మాట నేను గప్పుడు పట్టిచ్చుకోలే. ఎవరన్న తన పనిని నమ్మొద్దని చెప్తరా, ఇందుల ఏందో మతలబు ఉన్నదనుకున్న.

"పుచ్చినకాడికి తియ్యి" అన్న డాక్టరుతోని. "గట్టిగున్నది ముట్టకు. లోపలికి పోయినకొద్ది మెత్తగ వస్తె ఆపి నాకు చూపియ్యి. గప్పుడు మొత్తం తియ్యి, నేనేమన."

"గట్ల చెయ్యొచ్చమ్మా" అన్నడు ఆయన. మొదలు పెట్టిండు. మధ్యల నేను చెయ్యి లేపిన. "నొప్పా?" అన్నడు. "కాదు. ఆగు" అన్న. ఆగిండు. జర్రసేపటికి కిటికీ అద్దాలు దడదడమన్నయి. ఆయన కిటికీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "రోజు గిదే టైముకా?" అన్నడు. గోడ గడియారం చూసుకున్నడు.

మెత్తటిది జరంతనే ఉండె. దాని ఎనుక వెండి గట్టిగ, పన్ను గట్టిగ. టీవీల నేనే చూసిన. చిగురు కాడ తడి ఆగదని, తడికి ఓర్చుకునే సిమెంటు నింపిండు. "ఎన్నేండ్లుంటది?" అని అడిగిన. "చెప్పలేనమ్మా. మల్ల వచ్చి చూపిచ్చుకోండి" అన్నడు. గా ఒక్క మాటకు ఆయనను జరంత నమ్మిన. ఎక్కువ గాదు.

గిది నా సాక్ష్యం. ఆమె వెండి ఎన్నటికి పాడుగాదని నేను చెప్తలేను, పాడైంది. ఇసం పెట్టిందన్నోని మాట నేను ఒప్పుకోను. వాకిట్ల నిలబడి ఎవడో అన్నడని పండ్లు తోడిచ్చుకోకుండ్రి. ఆమె పెట్టిందని మొండికి గూడ పోకుండ్రి. పోయి కొట్టిచ్చి చూసుకోండ్రి. నాకు సదువు లేదు, నమ్మకం గూడ తక్కువ. గని తెల్వనిదాన్ని అనుమానించుడు వేరు, చూసి తెలుసుకునుడు వేరు అని గా కుర్చీల కూసోబెట్టి నేర్పింది ఆమెనే. ఆమెకు నా నోటితోని ఎన్నడు మంచిమాట చెప్పలే. గిప్పుడు చెప్తున్న.

నిన్న చర్చిల ఆమె పేరు మీద కూటం పెట్టిన్రు. నేను పాటలు పాడేటోళ్ల ఎదురుంగ, ముందల బెంచీ మీద కూసున్న. కావాల్ననే కూసున్న, ఎవలెవలు తోడిచ్చుకున్నరో చూద్దామని. పాట షురువైంది. అందరు బాయి కాలనీలోళ్లే, అందరు ఆమె కుర్చీల కూసున్నోళ్లే. చరణం పైకి పోతుంటె నోళ్లు తెరుసుకున్నయి. ట్యూబులైటు కింద కొన్ని నోళ్లల్ల తెల్లగ, కొన్ని నోళ్లల్ల బూడిదరంగుల, లోపల దవడల కాడ వెండి తళుక్కు తళుక్కుమంటున్నది. నేను పాట ఇనలే. ఒక నోట్లకెల్లి ఇంకో నోట్లకు చూసుకుంట కూసున్న. పాట ఇంకింత పైకి లేసింది.